చంపింది వెసికిలేనా? ఎన్‌కే-92 ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

ఎన్‌కే కణాలు, అంటే క్యాన్సర్ కణాలను చంపే రోగనిరోధక కణాలు, బయటికి వదిలే వెసికిల్స్‌ను, అంటే పొర చుట్టుకున్న నానోమీటర్ల సైజు సంచులను, క్యాన్సర్ కణాల మీద వేస్తే ఆ కణాలు చనిపోతాయని చాలా ల్యాబులు ఇప్పటికే చూపించాయి. మేం పెట్టుకున్న ప్రశ్న చిన్నది, కానీ మొండిది. చంపింది నిజంగా వెసికిలేనా? ట్యూబులో వెసికిల్ ఒంటరిగా ఉండదు. సీరం నుంచి వచ్చిన రేణువులు, విడిగా తేలే పెర్ఫోరిన్, గ్రాంజైమ్ (ఎన్‌కే కణాలు చంపడానికి వాడే ప్రోటీన్లు), మిగిలిపోయిన ఐఎల్-2 (కణాలు పెరగడానికి వేసే ప్రోటీన్), చచ్చిన కణాల తునకలు అన్నీ దాంతోపాటే వస్తాయి. ఒక్కో దశలో వీటిలో ఒక్కోదాన్ని పక్కకు తీయాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే ఈ రంగం ఆసుపత్రి దాకా ఇప్పటికే ఒకసారి వెళ్లివచ్చింది. బి కణాల ఎక్సోజోమ్‌లు (వెసికిల్స్‌లో ఒక చిన్న రకం) టి కణాలను ఉత్తేజపరుస్తాయని 1996లో రపోసో బృందం చూపించింది. డెండ్రిటిక్ కణాల ఎక్సోజోమ్‌లతో ఎలుకల్లో కణితులు తగ్గుతాయని 1998లో జిట్వోగెల్ బృందం చూపించింది. 2005లో మెలనోమా, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో తొలిదశ ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. ఇవ్వడం సురక్షితమేనని తేలింది. 2016లో ప్రచురితమైన ఫ్రాన్స్ రెండోదశ ట్రయల్‌లో 22 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు ఈ ఎక్సోజోమ్‌లు ఇచ్చారు. నాలుగు నెలల తర్వాత కనీసం సగం మందిలో జబ్బు ముదరకుండా ఉండాలన్నది లక్ష్యం. ఉన్నది 7 మందిలోనే. టి కణాలు ఆశించినంతగా స్పందించలేదు, కొందరిలో ఎన్‌కే కణాల పనితనం మాత్రం పెరిగింది. సీసాలోని ఏ అంశం ఏ పని చేస్తోందో తెలియకుండా మోతాదు పెంచడం, మార్చడం కుదరదు.

ఇంకో మాట. రోగనిరోధక కణం వదిలింది కాబట్టి వెసికిల్ రోగి పక్షాన ఉంటుందనుకోకూడదు. కణితిలో స్థిరపడ్డ ఎమ్2 మాక్రోఫేజ్‌ల ఎక్సోజోమ్‌లు మిర్-21 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏను మోసుకెళ్లి గ్యాస్ట్రిక్ క్యాన్సర్ కణాలు సిస్‌ప్లాటిన్ మందును తట్టుకునేలా చేస్తాయని 2017లో తేలింది. ఏ కణం, ఏ స్థితిలో, ఏ మీడియంలో (పెంపకపు ద్రవంలో) వదిలిందన్నది ప్రతి ట్యూబు మీదా రాసి ఉండాలి.

కణాలు, సీరం

స్థితి: పూర్తయింది. ప్రతి హార్వెస్ట్‌కూ (వెసికిల్స్ ఉన్న మీడియాన్ని సేకరించడం) ఇదే పద్ధతి.

ఎన్‌కే-92, అంటే మేం ల్యాబులో పెంచే ఎన్‌కే కణాల లైను, లింఫోమా రోగి నుంచి వచ్చింది, ఎప్‌స్టైన్-బార్ వైరస్ ఉన్నది. కాబట్టి పనంతా బీఎస్ఎల్-2 (జీవభద్రత రెండో స్థాయి) క్యాబినెట్‌లోనే. మీడియం: న్యూక్లియోసైడ్లు లేని ఆల్ఫా-ఎమ్ఈఎమ్, గుర్రం సీరం 12.5 శాతం, ఎఫ్‌బీఎస్ (ఆవు పిండం సీరం) 12.5 శాతం, ఇనోసిటాల్ 0.2 మిల్లీమోలార్, మెర్కాప్టోఇథనాల్ 0.1 మిల్లీమోలార్, ఫోలిక్ యాసిడ్ 0.02 మిల్లీమోలార్, ఐఎల్-2 మి.లీ.కి 100 నుంచి 200 యూనిట్లు. ఈ కణాలు గుంపులుగా పెరుగుతాయి. ఫ్లాస్క్‌ను నిలబెట్టి పెంచితే గుంపులు నిలుస్తాయి. పిపెట్‌తో గట్టిగా విడదీస్తే కణాలు చితికి, ఆ తునకలే తర్వాత వెసికిల్స్ లెక్కలోకి వస్తాయి. ఐఎల్-2ను రెండు మూడు రోజులకోసారి వేయాల్సిందే. ఆలస్యమైతే మొదట కణాల సైజు తగ్గుతుంది, ఆ వెంటనే వయబిలిటీ (బతికున్న కణాల శాతం) పడిపోతుంది.

అసలు చిక్కు సీరంతో. మీడియంలో నాలుగో వంతు సీరం, సీరం నిండా ఆవు, గుర్రం వెసికిల్స్, లైపోప్రోటీన్లు. సీరం మొత్తం తీసేస్తే ఎన్‌కే-92 ఒక్క రోజులోనే నీరసించి అపాప్టోటిక్ (చచ్చే కణాల) తునకలు వదులుతుంది. అందుకని సీరాన్ని ముందే శుభ్రం చేస్తాం. రెండు సీరాలనూ ఆల్ఫా-ఎమ్ఈఎమ్‌తో కలిపి మొత్తం సీరం పాలు 25 శాతానికి తెచ్చి, 4 డిగ్రీల దగ్గర 1,00,000 జి (భూమ్యాకర్షణకు అన్ని రెట్ల బలం) వద్ద 18 గంటలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. పలచన చేయకుండా తిప్పితే చిక్కదనం వల్ల రేణువులు సరిగా కిందికి దిగవు. తర్వాత పైభాగం మాత్రం మెల్లగా తీసుకుని, అడుగున సుమారు ఒక సెంటీమీటర్ వదిలేసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపి, మిగతా దినుసులు కలపాలి. ఇంత చేసినా సీరం రేణువులు పూర్తిగా పోవు. అందుకే కణాలు వేయని అదే మీడియాన్ని, ఐఎల్-2తో సహా, అన్ని రోజులూ ఇంక్యుబేటర్‌లో ఉంచి, ప్రతి దశ గుండా నడిపిస్తాం. దీని పేరు ‘ఖాళీ మీడియం’. ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన కంట్రోల్ ఇదే. రేణువుల లెక్కలో దీని వాటా చిన్నదేమీ కాదు. దాన్ని తీసివేయకుండా చెప్పే దిగుబడికి అర్థం లేదు.

హార్వెస్ట్ షరతులు: శుభ్రం చేసిన సీరంలో 48 గంటలు, మి.లీ.కి 5 లక్షల కణాలు, ట్రైపాన్ బ్లూ వయబిలిటీ 95 శాతం పైన. 90 శాతం లోపు ఉంటే ఆ ఫ్లాస్క్ పారేయడమే. మైకోప్లాస్మా (కణాల పెంపకంలో దూరే బ్యాక్టీరియా) పీసీఆర్ నెగెటివ్ రాకుండా ఏ ఫ్లాస్కూ ముందుకు పోదు. మైకోప్లాస్మాకు గట్టి గోడ ఉండదు, 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా వంగి జారిపోగలదు. జారిపోతే వెసికిల్స్‌తో కలిసి తిరుగుతూ టార్గెట్ కణాలను అదే చంపుతుంది.

మీడియం నుంచి కాలమ్ దాకా

స్థితి: పూర్తయింది.

వరుస ఇది. 300 జి వద్ద 10 నిమిషాలు, కణాలు పోతాయి. 2,000 జి వద్ద 20 నిమిషాలు, పెద్ద తునకలు పోతాయి. 10,000 జి వద్ద 30 నిమిషాలు, పెద్ద వెసికిల్స్ దిగుతాయి. ఈ పెల్లెట్‌ను పారేయం, విడిగా దాచుకుంటాం, ఎందుకంటే చంపే గుణం అందులోనూ ఉండొచ్చు. పైది 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా వెళ్తుంది. అన్నీ 4 డిగ్రీల దగ్గరే.

తర్వాత 100 కిలోడాల్టన్ సెంట్రిఫ్యూజ్ ఫిల్టర్లలో 300 మి.లీ.ను అర మి.లీ.కి కుదించాలి. ఇక్కడ తొందరపడితే నష్టం. మెంబ్రేన్ ఎండిందంటే వెసికిల్స్ దానికే అతుక్కుంటాయి, మళ్లీ రావు. 3,000 జి వద్ద తక్కువ సమయాలుగా తిప్పుతూ, మధ్య మధ్య పిపెట్‌తో గోడలు కడగాలి. ద్రవం దిగడం ఆగిపోతే అది సీరం ఆల్బుమిన్ పొర కట్టిందనడానికి గుర్తు. జి పెంచడం పరిష్కారం కాదు, కొత్త ఫిల్టర్‌కు మారాలి.

నేరుగా 1,00,000 జి వద్ద పెల్లెట్ చేసే పద్ధతిని మేం ప్రధాన దారిగా ఎంచుకోలేదు. పెల్లెట్‌లో వెసికిల్స్ ఒకదానికొకటి నొక్కుకుని గడ్డలు కడతాయి, ప్రోటీన్ కూడా వాటితో ముద్దవుతుంది. ఏది ఏ పని చేస్తోందో తేల్చాల్సిన చోట అన్నిటినీ ఒకే ముద్ద చేసే పద్ధతి పనికిరాదన్నది మా అభిప్రాయం.

కాలమ్ (సైజును బట్టి రేణువులను వేరుచేసే పూసల గొట్టం): సెఫరోజ్ సీఎల్-2బి, 10 మి.లీ. బెడ్. వాడే ముందు 20 శాతం ఇథనాల్ పోయేదాకా 20 మి.లీ. పీబీఎస్‌తో (ఉప్పు బఫర్‌తో) కడగాలి. పీబీఎస్‌ను 0.1 మైక్రాన్ ఫిల్టర్ చేసి ఉంచుతాం. నమూనా 0.5 మి.లీ., ఫ్రాక్షన్లు (వరుసగా పట్టే భాగాలు) 0.5 మి.లీ. చొప్పున 24. జాతరలో ఎడ్లబండి దారి వెంట నేరుగా సాగిపోతుంది, పిల్లలు ప్రతి దుకాణంలోకీ దూరి ఆలస్యంగా తేలతారు. కాలమ్‌లోనూ పెద్ద రేణువులు పూసల మధ్య నుంచి ముందే వచ్చేస్తాయి, చిన్న ప్రోటీన్లు పూసల రంధ్రాల్లో తిరిగి వెనకపడతాయి. మా కాలమ్‌లో వెసికిల్స్ 7 నుంచి 10 ఫ్రాక్షన్లలో, ప్రోటీన్ 12 నుంచి మొదలై 14 తర్వాత బాగా పెరుగుతూ వస్తున్నాయి. ఈ అంకెలు ఇంకో కాలమ్‌కు చెల్లవు. ప్రతి కొత్త కాలమ్‌నూ విడిగా కొలవాలి. బెడ్‌లో గాలి బుడగ దూరితే ప్రోటీన్ ముందుకు జరిగి 9, 10 ఫ్రాక్షన్లలోనే కనిపిస్తుంది. అలాంటప్పుడు మళ్లీ ప్యాక్ చేయడం తప్ప దారి లేదు.

ప్రోటీన్ ఫ్రాక్షన్లను (14 నుంచి 20) పారేయకూడదు. వెసికిల్ కాకపోతే ఇంకేం చంపింది అన్న ప్రశ్నకు జవాబు వాటిలోనే ఉంటుంది.

లెక్క, శుద్ధి, దిగుబడి బడ్జెట్

స్థితి: పద్ధతి కుదిరింది.

రేణువుల సంఖ్య ఎన్‌టీఏ పరికరంతో (రేణువుల కదలికను వీడియోలో చూసి లెక్కపెట్టేది). 100 నానోమీటర్ల పాలీస్టైరిన్ పూసలతో సరిచూసి, 25 డిగ్రీల దగ్గర ఒక్కో నమూనాకు 60 సెకన్ల వీడియోలు ఐదు. ఒక్కో ఫ్రేములో 20 నుంచి 100 రేణువులు కనిపించేలా పలచన చేయాలి. కెమెరా సెట్టింగ్ అన్ని నమూనాలకూ ఒకటే ఉండాలి, ఒక్క మెట్టు మారినా లెక్క మారిపోతుంది. పలచన చేయడానికి వాడే పీబీఎస్‌ను కూడా ప్రతిసారీ కొలవాలి. ఫాస్ఫేట్, కాల్షియం కలిస్తే కాల్షియం ఫాస్ఫేట్ నలుసులు పుడతాయి, పరికరం వాటినీ రేణువులనే లెక్కపెడుతుంది. సుమారు 60 నానోమీటర్ల కన్నా చిన్నవి ఈ పరికరానికి ఆనవు. అవి లేవని కాదు.

శుద్ధికి వెబర్, క్లేటన్ 2013లో ఇచ్చిన కొలమానం వాడుతున్నాం: ఒక మైక్రోగ్రాము ప్రోటీన్‌కు ఎన్ని రేణువులు. 3×10¹⁰ పైన ఉంటే బాగా శుద్ధం, 1.5×10⁹ లోపు ఉంటే అశుద్ధం. ఇక్కడ కొత్తవాళ్లను తికమకపెట్టే విషయం ఒకటుంది. నమూనా ఎంత శుద్ధమైతే ప్రోటీన్ అంత తక్కువ. మి.లీ.కి 4×10¹⁰ రేణువులున్న నమూనా, మైక్రోగ్రాముకు 10¹⁰ స్థాయిలో ఉంటే ప్రోటీన్ మి.లీ.కి 4 మైక్రోగ్రాములే. ప్రోటీన్ కొలిచే మామూలు బీసీఏ కిట్ మి.లీ.కి 20 మైక్రోగ్రాముల కన్నా కింద నమ్మదగ్గది కాదు. మైక్రో-బీసీఏ వాడాలి. మామూలు కిట్‌లో సున్నా వచ్చిందని నమూనా పారబోస్తే మంచి నమూనానే పోయినట్టు.

బడ్జెట్ ముందే వేసుకోవాలి. 300 మి.లీ., మి.లీ.కి 5 లక్షలు, మొత్తం 1.5×10⁸ కణాలు. కణానికి 1,000 రేణువులు అనుకుంటే 1.5×10¹¹. దారిలో సగం పోతుందనుకుంటే చేతికి 7.5×10¹⁰. చంపే పరీక్షలో ప్లేటులోని ఒక్కో బావికి (గుంటకు) 10,000 టార్గెట్ కణాలు, మూడు మోతాదులు (బావికి 10⁹, 3×10⁸, 10⁸), మూడేసి బావులు. ఒక్కో షరతుకు 4.2×10⁹ రేణువులు. ఆరు షరతులకు సుమారు 2.5×10¹⁰. బ్లాట్‌కు (ప్రోటీన్లను యాంటీబాడీలతో గుర్తించే పరీక్షకు) వరుసకు 5×10⁹ చొప్పున ఆరు వరుసలకు 3×10¹⁰. మిగిలేది 2×10¹⁰, అది ఎన్‌టీఏకు, సాంద్రతను బట్టి వేరుచేసే గ్రేడియెంట్‌కు. 100 మి.లీ. హార్వెస్ట్‌తో మొదలుపెడితే చంపే పరీక్షతోనే ట్యూబు ఖాళీ.

నిల్వ: 7 నుంచి 10 ఫ్రాక్షన్లను కలిపి 200 మైక్రోలీటర్లకు కుదించి, 25 మిల్లీమోలార్ ట్రెహలోజ్, 0.2 శాతం మానవ ఆల్బుమిన్ కలిపి, ప్రోటీన్ అంటుకోని ట్యూబుల్లో చిన్న భాగాలుగా -80 దగ్గర. ఒట్టి పీబీఎస్‌లో పెడితే కరిగించాక రేణువుల సంఖ్య పడిపోతుంది. ప్రోటీన్ కొలత, బ్లాట్ భాగం రెండూ ఆల్బుమిన్ కలపకముందే తీసి పెట్టాలి. ఒకసారి కరిగించిన ట్యూబు మళ్లీ ఫ్రీజర్‌లోకి పోదు.

బ్లాట్

వెసికిల్ పొర మీది గుర్తులైన సీడీ63, సీడీ81లను పట్టే యాంటీబాడీలకు నాన్-రెడ్యూసింగ్ జెల్ కావాలి. ప్రోటీన్ బంధాలు తెంపే డీటీటీ వేస్తే చాలా క్లోన్లు (యాంటీబాడీ రకాలు) గుర్తుపట్టవు. సీడీ63కు చక్కెర గొలుసులు ఎక్కువ కాబట్టి సన్నని గీతగా రాదు, 30 నుంచి 60 కిలోడాల్టన్ల మధ్య మసకగా పరుచుకుంటుంది. అది లోపం కాదు. వెసికిల్ లోపలి గుర్తుగా టీఎస్‌జీ101, లోపలి కణాంగాల తునకలు లేవని చూపడానికి కాల్నెక్సిన్, సీరం కలుషితానికి ఆల్బుమిన్, అపోఏ1. సరుకు వైపు పెర్ఫోరిన్, గ్రాంజైమ్ బి, ఫాస్ లైగాండ్ (కణాన్ని చావుకు పురిగొల్పే మరో ప్రోటీన్). ప్రతి జెల్‌లోనూ ఎన్‌కే-92 లైసేట్ (పగలగొట్టిన కణాలు) ఒక వరుస, ఖాళీ మీడియం ఒక వరుస, ప్రోటీన్ ఫ్రాక్షన్లు ఒక వరుస.

ఇప్పటికి తేలింది: సీడీ63, టీఎస్‌జీ101 వెసికిల్ ఫ్రాక్షన్లలో ఉన్నాయి, కాల్నెక్సిన్ లైసేట్‌లోనే ఉంది. గ్రాంజైమ్ బి మాత్రం రెండు చోట్లా ఉంది, వెసికిల్స్‌లోనూ, ప్రోటీన్ ఫ్రాక్షన్లలోనూ. పని ఇక్కడే ఆసక్తికరంగా మారింది.

చంపే పరీక్ష

స్థితి: నడుస్తోంది.

మొదటి టార్గెట్ కె562, ఒక లుకేమియా కణాల లైను. ఎన్‌కే దాడిని ఆపే గుర్తు ఎమ్‌హెచ్‌సి-1 లేని కణం కాబట్టి ఎన్‌కే పరీక్షలకు పాత నేస్తం. పుణేలోని ఎన్‌సీసీఎస్ సెల్ రిపాజిటరీ లాంటి చోట్ల దొరుకుతుంది. 96 బావుల ప్లేటులో బావికి 10,000 కణాలు, 100 మైక్రోలీటర్లు, 24, 48 గంటలు. వెసికిల్స్ కలిపే పరిమాణం బావిలో పదో వంతు దాటకూడదు. అంతకన్నా పీబీఎస్ పోస్తే పోషకాలు పలచబడి కణాలు వాటంతట అవే మందగిస్తాయి, ఆ మందగింపు చావులా కనిపిస్తుంది. 10 మైక్రోలీటర్లలో 10⁹ రేణువులు ఇవ్వాలంటే స్టాక్ మి.లీ.కి 10¹¹ ఉండాలి. కాలమ్ తర్వాత మళ్లీ కుదించేది ఇందుకే.

కొలతగా ఎమ్‌టీటీని ఒంటరిగా నమ్మం. అది మైటోకాండ్రియా చురుకుదనం చెబుతుంది, చావు చెప్పదు. పగిలిన కణాల నుంచి కారే ఎంజైమ్‌ను కొలిచే ఎల్‌డీహెచ్ పరీక్షలో సీరంలోని ఎల్‌డీహెచ్ అడ్డొస్తుంది. అనెక్సిన్-వి (చస్తున్న కణం బయటి పొర మీద తేలే ఫాస్ఫటైడిల్‌సెరీన్ అనే కొవ్వుకు పట్టేది), 7-ఏఏడీ (పొర తెగిన కణంలోకే వెళ్లే రంగు) ఫ్లో సైటోమెట్రీ ప్రధాన కొలత. దాని ఉచ్చు వేరు. చాలా వెసికిల్స్ బయటి పొర మీద ఫాస్ఫటైడిల్‌సెరీన్ ఉంటుంది. అవి బతికున్న కణానికి అతుక్కుంటే కణమే అనెక్సిన్ పాజిటివ్‌గా కనిపిస్తుంది. అందుకని వెసికిల్స్ వేసి 4 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు మాత్రమే ఉంచిన ప్లేటు ఒకటి పక్కన పెడతాం. ఆ చలిలో కణం చావదు, అతుక్కోవడం జరుగుతుంది. అక్కడ వచ్చిన అనెక్సిన్ అంతా అతుకుడు లెక్కే. చావుగా నమోదు చేసేది 7-ఏఏడీ కూడా పాజిటివ్ అయినప్పుడే.

షరతులు ఆరు: వెసికిల్స్, ఖాళీ మీడియం, ప్రోటీన్ ఫ్రాక్షన్లు, నిల్వ బఫర్ ఒక్కటే, ఈజీటీఏతో వెసికిల్స్, జెడ్-వాడ్‌తో (చావును నడిపే కాస్పేజ్ ఎంజైమ్‌లను ఆపేది) వెసికిల్స్. పెర్ఫోరిన్ పొరకు అతుక్కోవాలంటే కాల్షియం కావాలి. ఈజీటీఏ దాన్ని లాగేస్తుంది. మెగ్నీషియం మాత్రం విడిగా కలపాలి, లేకపోతే కణాలు వేరే కారణంతో దెబ్బతింటాయి. అనెక్సిన్‌కూ కాల్షియమే ఆధారం. ఈజీటీఏ బావులను బాగా కడిగి కాల్షియం బఫర్‌లోకి మార్చకపోతే సిగ్నలే ఉండదు, ఈజీటీఏ చావును ఆపేసిందని తప్పు నిర్ణయానికి వస్తాం.

ఫాస్ లైగాండ్ పాత్ర కె562లో తేలదు, ఆ కణాలు ఫాస్ దారికి లొంగవు. దానికి జుర్కాట్ అనే టి-కణ లుకేమియా లైను వాడాలి, ఫాస్ లైగాండ్‌ను అడ్డే నాక్-1 యాంటీబాడీతో, పక్కన ఐసోటైప్ కంట్రోల్‌తో (ఫాస్ లైగాండ్‌ను పట్టని అదే రకం యాంటీబాడీ). రొమ్ము క్యాన్సర్ నమూనాగా ఎమ్‌సీఎఫ్-7 తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: దానిలో కాస్పేజ్-3 లేదు. తెగిన కాస్పేజ్-3 కోసం బ్లాట్ చేస్తే ఎప్పటికీ ఖాళీయే.

ఇప్పటికి: వెసికిల్స్ బావుల్లో మోతాదుకు తగ్గట్టు చావు ఉంది. ఖాళీ మీడియంలో లేదు, బఫర్‌లో లేదు. ఈజీటీఏతో తగ్గుతోంది, పూర్తిగా ఆగడం లేదు. ప్రోటీన్ ఫ్రాక్షన్లలోనూ కొంత చావు ఉంది. అంటే విడిగా తేలే సరుకు కూడా పనిచేస్తోంది, దాని వాటా తీసేశాకే వెసికిల్‌కు మార్కులు వేయాలి.

లోపలికి వెళ్తోందా అన్న పరీక్ష, రంగుల గొడవ

స్థితి: పక్కన పెట్టాం. పీకేహెచ్26 రంగు వెసికిల్ లేకపోయినా తానే నానో ముద్దలు కడుతుంది, సైజు కూడా వెసికిల్ అంతే. కణాలు వాటినీ మింగుతాయి, మైక్రోస్కోపులో అందమైన ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. రంగు ఒక్కటే వేసిన కంట్రోల్‌ను కాలమ్ గుండా పంపి, అదే పరిమాణంలో వేసి చూపించని చిత్రానికి విలువ లేదు. లోపలి ప్రోటీన్‌కు పట్టే సీఎఫ్‌ఎస్‌ఈ మెరుగు. అసలు ప్రశ్న తేలాకే దీనికి వస్తాం.

పొర లేని రేణువులు

స్థితి: మొదలైంది. అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే.

కాలమ్ చిన్న ప్రోటీన్‌ను తీసేస్తుంది, వెసికిల్ అంత సైజున్న మరో రేణువును తీయలేదు. అలాంటి రేణువు నిజంగానే ఉంది. సైటోటాక్సిక్ టి కణాలు సుమారు 120 నానోమీటర్ల ‘స్మాప్’ రేణువులను వదులుతాయని 2020లో ఆక్స్‌ఫర్డ్‌లోని డస్టిన్ బృందం చూపించింది. మధ్యలో పెర్ఫోరిన్, గ్రాంజైమ్ బి, చుట్టూ థ్రాంబోస్పాండిన్-1 గుల్ల. కొవ్వు పొర లేదు. కణం తోడు లేకుండా అవి సొంతంగా చంపగలవు. సైజు అదే, సరుకు అదే, పనీ అదే. ఎన్‌కే-92 కూడా అలాంటివి వదిలితే ఇప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ వాటివే కావచ్చు.

వేరుచేయడానికి రెండు దారులు పెట్టుకున్నాం. ఒకటి, అయోడిక్సనాల్ గ్రేడియెంట్. నమూనాను 40 శాతం పొరలో కలిపి అడుగున వేసి, పైన 20, 10, 5 శాతం పొరలు పోసి, స్వింగ్-అవుట్ రోటర్‌లో 1,00,000 జి వద్ద 18 గంటలు. కొవ్వు పొర ఉన్న వెసికిల్ పైకి తేలి 1.08 నుంచి 1.15 సాంద్రత మధ్య ఆగుతుంది. నమూనాను పైన పోసి కిందికి దించే పద్ధతి ఇక్కడ వద్దు, ప్రోటీన్ గడ్డలు కూడా దిగుతూ అదే చోట దొరికిపోతాయి. బ్రేక్ లేకుండా ఆపాలి, లేకపోతే పొరలు కలుస్తాయి. ఒక్కో ఫ్రాక్షన్ సాంద్రతను రిఫ్రాక్టోమీటర్‌తో చూడాలి. కణాల మీద వేసే ముందు అయోడిక్సనాల్‌ను కాలమ్‌తోనో ఫిల్టర్‌తోనో తీసేయాలి, ఖాళీ గ్రేడియెంట్‌నూ అలాగే నడిపి కంట్రోల్‌గా పెట్టాలి.

రెండోది డిటర్జెంట్. 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 వేస్తే వెసికిల్స్ పగిలి ఎన్‌టీఏ లెక్క పడిపోవాలి. పొర లేని రేణువుల లెక్క నిలవాలి. ట్రైటాన్ మైసెల్స్ చిన్నవే అయినా డిటర్జెంట్ ఒక్కటే ఉన్న ట్యూబును కూడా కొలవాలి. ఈ నమూనాను చంపే పరీక్షకు వాడకూడదు, ట్రైటానే కణాలను చంపేస్తుంది.

గుర్తింపుకు థ్రాంబోస్పాండిన్-1 బ్లాట్. స్మాప్ మీద ఉండేది ఆ ప్రోటీన్ చివరి భాగం, అంటే సి-టెర్మినల్ తునక. కాబట్టి యాంటీబాడీ ఆ చివరను పట్టేదై ఉండాలి, ఎన్-టెర్మినల్‌ది కొంటే ఏమీ కనిపించదు. సీరంలోనూ థ్రాంబోస్పాండిన్ దండిగా ఉంటుంది, ఖాళీ మీడియం వరుస లేకుండా ఈ బ్లాట్ చదవలేం.

ఇక ముందు

గ్రేడియెంట్‌లోని ఒక్కో ఫ్రాక్షన్‌నూ ఒకే రేణువుల మోతాదుతో కె562 మీద వేసి, పక్కనే సీడీ63, గ్రాంజైమ్ బి, థ్రాంబోస్పాండిన్-1 బ్లాట్లు పెట్టాలి. చంపే గుణం సీడీ63తో కలిసి పైకి తేలితే జుర్కాట్, ఫాస్ లైగాండ్ పనికి వెళ్తాం. ఆ తర్వాత, ఎథిక్స్ కమిటీ అనుమతితో తీసుకున్న ఆరోగ్యవంతుల రక్తంలోని పీబీఎమ్‌సీల (తెల్లకణాల్లో ఒక భాగం) మీద అదే మోతాదు వేసి, క్యాన్సర్ కాని కణాలను వదిలేస్తోందా లేదా చూడాలి. మాక్రోఫేజ్ ఎక్సోజోమ్‌లలో సోనికేషన్‌తో (ధ్వని తరంగాలతో కదిలించి) పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు నింపిన 2016 నాటి నార్త్ కరోలినా పద్ధతిని ఇక్కడ ప్రయత్నించాలన్న ఆలోచన ఉంది, కానీ సోనికేషన్ పొరను తెరుస్తుంది, లోపలి గ్రాంజైమ్ కారిపోతుంది. మందు నింపేముందు ఖాళీగా సోనికేట్ చేసిన వెసికిల్ చంపే గుణం ఎంత మిగుల్చుకుందో కొలవాలి.

చంపే గుణం సీడీ63ను వదిలి థ్రాంబోస్పాండిన్ వెంట పోతే మందు నింపే పని రద్దు. అప్పుడు 10,000 జి పెల్లెట్, ప్రోటీన్ ఫ్రాక్షన్లు, గ్రేడియెంట్ అడుగు భాగం, ఈ మూడింటినీ ఫ్రీజర్ నుంచి తీసి ఒకే ప్లేటులో పక్కపక్కన పరీక్షించాలి. మూడింటికీ లేబుళ్లు, రేణువుల లెక్కలు సిద్ధంగా ఉన్నాయి. సి-టెర్మినల్ యాంటీబాడీ ఆర్డరు వెళ్లింది.